అరిగిన పళ్ల ఎలుకలు

నూరియా మొదటిసారి మా డిస్పెన్సరీకి వచ్చినప్పుడు, గుడ్లగూబలు కక్కిన ఉండల కోసం వచ్చానని చెప్పింది. నాకు సరిగా వినపడలేదేమోనని మళ్లీ అడిగాను. ఆవిడ అదే మాట ఇంకాస్త నెమ్మదిగా, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పింది.

"దేనికమ్మా అవి?"

"గుడ్లగూబలు ఏం తింటున్నాయో తెలుసుకోడానికి."

"ఎలుకల్ని తింటాయి. ఈ మాత్రం దానికి జెల్ఫా పట్నం నుంచి బస్సులో రావాలా? ఫోన్ చేస్తే నేనే చెప్పేవాణ్ణి."

ఆవిడ నవ్వింది. "ఏ ఎలుకల్ని తింటున్నాయి, ఎన్నింటిని, ఏ వయసు వాటిని? అది కూడా చెప్తారా?"

అది నేను చెప్పలేను. అలా మొదలైంది మా పరిచయం.

ఐన్ సెద్రాలో అప్పటికి నేను ఇరవై రెండేళ్లుగా నర్సుని. డాక్టరు మంగళవారం మంగళవారం వస్తాడు, అదీ ఆయన కారు బాగుంటే. మిగతా రోజులన్నీ ఊరి దగ్గులకీ, పురుళ్లకీ, తేలు కాట్లకీ నేనే దిక్కు. ఊరికి పడమటి పక్కన, కాగితం చేయడానికి పనికొచ్చే హల్ఫా గడ్డి గోదాము ఒకటి ఉండేది. ఫ్రెంచివాళ్ల కాలంలో గడ్డి కట్టలు కట్టి అందులో దాచేవాళ్లట. పైకప్పు సగం కూలిపోయింది. మిగిలిన సగం కింద, దూలం మీద తెల్లమొహం గుడ్లగూబల జంట కాపురం పెట్టింది. ఊళ్లో ఎవరూ అటువైపు వెళ్లరు. మా అక్క ఉమ్ హానీ అయితే గుడ్లగూబ అనే మాట కూడా నోటితో అనదు. "అది" అంటుంది, అని బిస్మిల్లా చెప్పుకుంటుంది.

నూరియా యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెబుతుంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. సన్నగా, కళ్లజోడుతో, ఎండలో కూడా తెల్ల మేజోళ్లు వేసుకుని తిరిగేది. నెలకోసారి వచ్చి గోదాములో నేల మీది ఉండలన్నీ ఏరుకునేది. వాటిని విప్పి చూడ్డానికి నీళ్లకుళాయి, వెలుతురు ఉన్న గది కావాలంది. డిస్పెన్సరీ వెనకగది ఖాళీగా ఉంటే ఇచ్చాను. వాసనొస్తే ఖాళీ చేయించేస్తానని ముందే చెప్పాను కానీ, వాసన అసలు రానే లేదు.

ఒక్కో ఉండా బొటనవేలంత ఉంటుంది. కొత్తది నల్లగా, లక్క పూసినట్టు మెరుస్తుంది. పాతబడితే బూడిదరంగుకి తిరుగుతుంది. గుడ్లగూబ ఎలుకని నమలకుండా మింగేస్తుంది. మాంసం అరుగుతుంది, బొచ్చూ ఎముకలూ అరగవు. వాటిని ఉండ చుట్టి రోజుకి ఒకటో రెండో బయటికి కక్కేస్తుంది. నూరియా వాటిని ముందు ఒక చిన్న ఓవెన్‌లో పెట్టి పూటంతా వేడి చేసేది. లోపల ఏ పురుగులున్నా చావాలనేది. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, చిమటాతో బొచ్చు విడదీసి, పుర్రెలూ దవడలూ ఒక నల్ల కాగితం మీద వరసగా పేర్చేది.

మధ్యాహ్నాలు రోగులుండరు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. నాలుగు నెలలు తిరిగేసరికి గ్లాసు పక్కన పెట్టి నేనూ ఒక చిమటా పట్టుకున్నాను. మా పొలాల్లో ఉండేది ఇసక ఎలుక, కుచ్చు తోకది. దాని పైపళ్ల మీద నిలువునా ఒక గాడి ఉంటుంది, ఇంటి చిట్టెలుకకి ఉండదు. దవడపళ్లు చూస్తే వయసు తెలుస్తుంది. పిల్లదైతే గుట్టలు గుట్టలుగా పదునుగా ఉంటాయి. ముసలిదైతే వాడి వాడి పాతబడ్డ తిరగలిరాయిలా చదునుగా అరిగిపోయి ఉంటాయి.

దీనికి నన్ను ఆటపట్టించనివాళ్లు లేరు. అందరికంటే ముందు మా బావ, హాజీ జెల్లూల్. మా అక్క మొగుడు. ఊళ్లో ఎక్కువ గొర్రెలూ, తూర్పున పెద్ద బార్లీ చేలూ ఆయనవే. నేను కాఫీ కొట్టు ముందు నుంచి పోతుంటే పదిమందికీ వినపడేలా అడిగేవాడు.

"ఏం బావమరిదీ, ఇవాళ ఏం వాంతి తవ్వావు?"

"నీ చేలో దొంగల్ని లెక్కపెడుతున్నాను బావా."

"లెక్కపెట్టి ఏం లాభం? ఆ టీచరమ్మని అడుగు, గుడ్లగూబలకి ఇంకాస్త ఆకలి పుట్టించమని."

నవ్వులాటే అయినా ఆ మాటలో బాధ ఉంది. రెండేళ్లు వరసగా వానలు బాగా పడ్డాయి. బార్లీ ఏపుగా పెరిగింది, దానితోపాటే ఎలుకలూ పెరిగాయి. చేలో నడుస్తుంటే కలుగుల్లో కాలు దిగబడేది. మార్చిలో మేం విప్పిన ఉండల్లో నూటికి డెబ్భై ఇసక ఎలుకలే. అన్నీ పిల్లవే. పెద్ద ఇసక ఎలుక బరువైనదనీ, బాగా కొరుకుతుందనీ, ఈ గుడ్లగూబ ఏమంత పెద్ద పిట్ట కాదు గనక దాని జోలికి పోదనీ నూరియా చెప్పింది. అందుకే పిల్లల్నే పట్టుకుంటుందట.

జూన్‌లో కోతలైన వారానికి ఆవిడ మళ్లీ వచ్చింది. ఆ రోజు నేను ఒక ముసలాయన కాలికి కట్టు కట్టి వెనకగదిలోకి వెళ్లేసరికి, ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చిమటా బల్ల మీద ఉంది.

"అతల్లా గారూ, ఈ వరస చూడండి."

నల్ల కాగితం మీద దవడలు. భూతద్దం అందించింది. మొదటిది చూశాను, అరిగిన పళ్లు. రెండోది, మూడోది కూడా అంతే. వరస చివరిదాకా చూశాను.

"అన్నీ ముసలివేనే."

"నలభై ఆరు. పిల్లవి ఆరే ఆరు." కళ్లజోడు తీసి తలగుడ్డ అంచుతో తుడుచుకుంది. "పోయిన నెల దాకా ఒక్క ముసలిది కూడా దొరకలేదు వీటికి. ఇప్పుడు నలభై ఆరు దొరికాయి. ఎలా?"

"గుడ్లగూబలకి బలమొచ్చిందేమో."

"ఎలుకలకి బలం పోయింది" అంది ఆవిడ. "పరిగెత్తలేకపోతున్నాయి. కలుగులోంచి బయటికొచ్చి, తిరిగి లోపలికి పోలేక ఆరుబయట కూలబడుతున్నాయి. లేకపోతే ఇన్ని దొరకవు."

ఎవరైనా మందు పెట్టారా అని అడిగింది. ఆ సాయంత్రమే కొట్లన్నీ తిరిగి కనుక్కున్నాను. ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. మందు తిన్న ఎలుకని మింగితే గుడ్లగూబలు కూడా చావాలి. అవి నిక్షేపంలా ఉన్నాయి, గూట్లో నాలుగు పిల్లలు కూడా ఉన్నాయి.

మర్నాడు బస్సెక్కే ముందు ఆవిడ నన్ను సూటిగా అడిగింది. "మీరు వైద్యం చదివినవాళ్లు. ఎలుకలు ఇలా ఒక్కసారి నీరసించి పడిపోయే జబ్బు ఏముంది?"

నా నోట్లోకి ఒక మాట వచ్చింది. ట్రైనింగులో ఒక ముసలి మాస్టారు ఒక పూటంతా దాని గురించే చెప్పి, "మీ జీవితంలో చూడరు, అయినా గుర్తుపెట్టుకోండి" అన్నాడు. ఆ మాట బయటికి రానివ్వలేదు.

"చాలా ఉంటాయమ్మా" అన్నాను.

ఆవిడ నా మొహం కాసేపు చూసింది. "నెల ఆగను. రెండు వారాల్లో వస్తాను. చచ్చినవి కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దని అందరికీ చెప్పండి."

చెప్పాను. విన్నవాళ్లు నవ్వారు. చచ్చిన ఎలుకని చేత్తో ఎవడు ముట్టుకుంటాడని అడిగారు.

రెండు వారాల తర్వాత ఒక మంగళవారం ఆవిడ వచ్చింది. ఆ మంగళవారం డాక్టరు రాలేదు. ఉండలు చిన్నవైపోయాయి, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. విప్పితే పేడపురుగుల నల్ల పెంకులు, పిచ్చుకల ముక్కులు, బల్లుల దవడలు. ముప్పై ఒక్క ఉండలకి ఇసక ఎలుకలు రెండు.

"కడుపు నిండక పురుగుల్ని తింటున్నాయి" అంది నూరియా. "అన్ని ఎలుకలు ఎటు పోయాయి?"

ఇద్దరం మా బావ తూర్పు చేలోకి నడిచాం. మిట్టమధ్యాహ్నం. మామూలుగా అయితే ఆ చేలో మనిషి అడుగు పడగానే ఎక్కడో ఒక ఎలుక కాలితో నేల తడుతుంది. వెంటనే ఇంకోటి అందుకుంటుంది. అలా చేను చివరిదాకా టకటకమని చప్పుడు పాకుతుంది. ఆ రోజు చేను మొదట్లోంచి సగం దాకా వచ్చాం, ఏమీ వినపడలేదు. తర్వాత వాసన తగిలింది. కలుగు నోటి దగ్గర ఒకటి వెల్లకిలా పడి ఉంది. పక్క కలుగు దగ్గర రెండు.

ఆ వాసనలోనే మనుషులు పని చేస్తున్నారు. మా బావ జీతగాడు బెల్ఖేర్, మరో ఇద్దరు కూలీలు పారలతో కలుగులు తవ్వుతున్నారు. ఇసక ఎలుకలు కోతలకి ముందే కంకులు కొరికి లోపల కొట్లు నింపుకుంటాయి. ఒక్కో కలుగులో గంపెడు కంకులు దొరుకుతాయి. మా బావ గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక ఆరు గోతాలు నిండి ఉన్నాయి.

"రా అతల్లా. టీచరమ్మా, మీరూ రండి. దొంగలు చచ్చారు చూడండి. దోచుకున్నదంతా మూటగట్టి అప్పజెప్పి మరీ చచ్చారు. ఇంత మర్యాద తెలిసిన దొంగల్ని నేనెక్కడా చూళ్లేదు."

"ఎన్నాళ్ల నుంచి తవ్విస్తున్నావు?"

"వారమైంది."

బెల్ఖేర్ పార ఆపి, వంగి, పిక్కలు గోక్కున్నాడు. మళ్లీ తవ్వాడు. మళ్లీ గోక్కున్నాడు.

నూరియా తన కాళ్ల వంక చూసుకుంటోంది. నేనూ చూశాను. తెల్ల మేజోళ్ల మీద నల్లటి చుక్కలు. చుక్కలు ఎగురుతున్నాయి. ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. రోడ్డు మీదకి వచ్చేదాకా వదల్లేదు. అక్కడ మేజోళ్లు విప్పి, రాయి మీద పెట్టి, నిప్పు అంటించింది. నేను నా కాళ్లు దులుపుకున్నాను.

"ఈగిళ్లు" అంది. "ఎలుక నెత్తురు తాగే పురుగులు. అది చల్లబడగానే వదిలేస్తాయి. వేడి ఒళ్లు వెతుక్కుంటాయి. మీకు తెలుసు కదా ఇదేంటో? పోయినసారే తెలుసు మీకు."

"తెలుసు."

"అయితే అనండి."

"ప్లేగు" అన్నాను.

ఆవిడ తలూపింది. "ఇవాళే పెద్దాసుపత్రికి ఫోన్ చేయండి. నేను జంతువుల దాన్ని, నా మాట ఎవరూ వినరు. నర్సు చెప్తే వింటారు. నేను రెండు చచ్చినవాటిని సీసాలో పెట్టి తీసుకెళ్లి పరీక్షకి ఇప్పిస్తాను. కానీ దానికి రోజులు పడతాయి. మీరు దాని కోసం ఆగొద్దు."

మూడింటి బస్సుకి వెళ్లిపోయింది. నేను డిస్పెన్సరీకి వచ్చి ఫోన్ దగ్గర కూర్చున్నాను. ముందు బావకి చెప్పడం ధర్మం అనిపించింది. తవ్వకం ఆపించాలి కదా అని కూడా అనుకున్నాను. ఆ రెండిట్లో ఏది నిజమైన కారణమో ఇప్పటికీ తేల్చుకోలేను. లేచి వెళ్లాను.

హాజీ జెల్లూల్ నేను చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు, ఆటపట్టించలేదు.

"ఎవరికైనా జ్వరమొచ్చిందా?"

"ఇంకా రాలేదు."

"మరి నీకెలా తెలుసు?"

"ఉండల్లో ఎలుకలు..."

"అతల్లా." నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఎల్లుండి గురువారం. పెద్ద ఈద్ కుర్బానీకి ముందు ఇదే ఆఖరి సంత. ఆ మాట నీ నోటి నుంచి వస్తే సాయంత్రానికల్లా జెండార్మ్ పోలీసులు రోడ్డుకి అడ్డంగా నిలబడతారు. ఒక్క గొర్రె ఊరు దాటదు. నా సంగతి వదిలెయ్, నేను ఎలాగో ఒడ్డెక్కుతాను. రెండు గొర్రెల్ని పెంచుకున్న ముండమోపి ఉంది, దాని సంగతేంటి? ఏడాదంతా ఈ గురువారం కోసమే కదా చూస్తారు అందరూ. రేపు పరీక్షలో ఏమీ లేదని తేలితే? గుడ్లగూబ వాంతి చూసి ఊరు మూయించాడని నీ పేరు చెప్పుకుంటారు, నీ పిల్లల పేరు చెప్పుకుంటారు."

"తవ్వకం ఆపెయ్."

"ఇప్పుడే ఆపేస్తాను."

"గోతాలు తగలబెట్టు."

"తగలబెడతాను. గురువారం మధ్యాహ్నం లారీలు తిరిగి రాగానే నువ్వు ఫోన్ చెయ్. నేనే నీ పక్కన కూర్చుంటాను."

రెండు రోజులే కదా అనుకున్నాను.

రాత్రి నూరియా ఫోన్ చేసింది. "చెప్పారా?" అని అడిగింది. "చెప్పాను" అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. "ఏమన్నారు?" అంది. "చూస్తామన్నారు" అన్నాను.

బుధవారం పొద్దున అక్కని చూద్దామని వెళ్లాను. వాకిట్లో గోతాలున్నాయి. రెండు ఖాళీ అయ్యాయి. అక్క నేల మీద కూర్చుని కర్రతో కంకులు కొడుతోంది, ఇద్దరు కోడళ్లు జల్లెడ పడుతున్నారు. మోచేతుల దాకా దుమ్ము.

"అక్కా, వీటిని తగలబెట్టమన్నాను బావని."

"గింజల్ని తగలబెడతార్రా ఎవరైనా? మనం తినేది కాదులే, గొర్రెలకి." లేచి చేతులు నడుం గుడ్డకి తుడుచుకుంది. మెడ దగ్గర గోక్కుంది. "రొట్టె ఇప్పుడే కాల్చాను. కూర్చో. ఏంటా మొహం? రాత్రి పడుకోలేదా?"

"అది వదిలెయ్ అక్కా. చెప్తే విను."

"వదిలేస్తాలే, ఈ గోతం అవ్వనీ. నర్సువైనప్పటి నుంచీ నీకు అన్నీ జబ్బులే కనిపిస్తాయి." పుదీనా టీ గ్లాసు నా చేతిలో పెట్టింది.

నేను ఆ టీ తాగాను. రొట్టె కూడా తిన్నాను. మిగిలిన నాలుగు గోతాల్ని నేనే ఈడ్చుకెళ్లి నిప్పు పెట్టి ఉండొచ్చు. ఎందుకని అడిగితే అందరి ముందూ ఆ మాట అనాల్సి వచ్చేది. గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాను.

ఆ మధ్యాహ్నమే బెల్ఖేర్ భార్య పరిగెత్తుకొచ్చింది. వాడు చాప మీద పడి ఉన్నాడు, ఒళ్లు పెనంలా కాలుతోంది. గజ్జల్లో అక్రోటు కాయంత గడ్డ. ముట్టుకోబోతే అరిచాడు. నేను ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇచ్చాను. డాక్సీసైక్లిన్ మాత్రలు వాడికీ, భార్యకీ, ఇంట్లో అందరికీ ఇచ్చాను. నేనూ వేసుకున్నాను. తక్కిన ఇద్దరు కూలీల ఇళ్లకీ వెళ్లి ఇచ్చాను. అందుకే వాళ్లు ముగ్గురూ బతికారని తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. మందు చేతిలో ఉంది, రోగం పేరు తెలుసు, ఫోన్ బల్ల మీద ఉంది. అయినా ఆ రోజు ఫోన్ చేయలేదు. రోగికి వైద్యం చేశాను కదా, తెల్లారితే గురువారమే కదా అనుకున్నాను. బావ ఇంటికి మాత్రలు పంపించాను. ఎందుకో చెప్పకుండా, "అందరూ వేసుకోండి" అని చీటీ రాసి పంపాను. కోడళ్లు వేసుకున్నారు. అక్క వాటిని గూట్లో పెట్టిందట, సంత హడావిడి అయ్యాక చూద్దామని.

గురువారం తెల్లవారకముందే పదకొండు లారీలు గొర్రెలతో వెళ్లాయి. మధ్యాహ్నం ఖాళీగా తిరిగొచ్చాయి. మా బావ మాట తప్పలేదు, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను ఫోన్ చేశాను. అవతల డాక్టరు మూడే మూడు ప్రశ్నలు అడిగాడు. గంటన్నరలో మాస్కుల మనుషులతో రెండు బళ్లు దిగాయి. అంత తొందరగా వస్తారని నేను అనుకోలేదు. అంత తొందరగా వచ్చేవాళ్లే, మంగళవారం చేసినా.

సాయంత్రానికి రోడ్డు మూశారు. శుక్రవారం ఇంటింటికీ తిరిగితే మరో ఎనిమిది మందికి జ్వరం. బావ ఇంటి దగ్గరికి వచ్చేసరికి అక్క వాకిట్లో లేదు. కోడలు గది చూపించింది.

అక్కకి గురువారం పొద్దునే జ్వరమొచ్చింది. తలకి గుడ్డ బిగించి కట్టుకుని, సంత నుంచి వచ్చినవాళ్లందరికీ కుస్‌కుస్ వండి పెట్టింది. గడ్డ చంకలో ఉంది, ఎవరికీ చూపించలేదు. నేను వెళ్లేసరికి దగ్గుతోంది. చేతిలో రుమాలు దాచుకోబోయింది. నేను లాక్కుని చూశాను. ఎర్రగా ఉంది.

"నీ దగ్గరికి రావద్దన్నారా నన్ను?" అని అడిగింది.

"లేదక్కా."

"మరి దూరంగా ఎందుకు నిలబడ్డావు?"

దగ్గరికి వెళ్లాను. మాస్కు వాళ్లు నన్ను భుజం పట్టుకుని వెనక్కి లాగి, ఆవిణ్ణి బండిలోకి ఎక్కించారు. శనివారం పొద్దున పెద్దాసుపత్రిలో పోయింది. తెల్ల బట్టల మనుషులు నలుగురు తెచ్చి పూడ్చారు. మేం ఏడుగురం యాభై అడుగుల దూరాన నిలబడి నమాజు చేశాం. మట్టి వేయనివ్వలేదు.

మొత్తం పంతొమ్మిది మందికి వచ్చింది. ముగ్గురు పోయారు. ఆ ఈద్‌కి ఐన్ సెద్రాలో ఒక్క గొర్రె కూడా తెగలేదు. నేను డాక్టర్ని అడిగాను, మంగళవారమే అందరికీ మాత్రలు మొదలుపెట్టి ఉంటే అని. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు. "ఇప్పుడెందుకు అది" అన్నాడు.

ఊరు మూసి ఉన్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పాతికమంది కిరసనాయిలు డబ్బాలతో పడమటి వైపు నడిచారు. ముందు మా బావ. గడ్డం గీయలేదు, తలపాగా లేదు. గుడ్లగూబల వల్లే ఇదంతా వచ్చిందని ఊరంతా అనుకుంటోంది. ఆ టీచరమ్మ వాటిని కదిపింది, చావు లేచొచ్చింది అంటున్నారు. వాళ్లు డిస్పెన్సరీ ముందు నుంచే వెళ్లారు. నేను గుమ్మంలో ఉన్నాను. మనకి ముందే తెలిసింది వాటి వల్లేనని నేను అనొచ్చు. తెలిసీ దాచింది మేమిద్దరమేనని కూడా అనొచ్చు. బావ నా వైపు చూశాడు. నేను అననని నిర్ధారణ అయ్యేదాకా చూసి, ముందుకి నడిచాడు.

హల్ఫా దుమ్ము పట్టిన పాత దూలాలు, తొందరగా అంటుకున్నాయి. పెద్దవి రెండూ పగటి ఎండలోకి ఎగిరి, కాసేపు గుడ్డిగా పొగ చుట్టూ తిరిగి, దక్షిణానికి పోయాయి. పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు.

రోడ్డు తెరిచాక నూరియా వచ్చింది. కాలిన గోడల మధ్య కొంతసేపు నిలబడి, వెనకగదికి వచ్చి, గిన్నెలూ ఓవెనూ అట్టపెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను సాయం చేయబోతే వద్దంది. పెట్టెకి తాడు కడుతూ అడిగింది.

"నేను మంగళవారం ఫోన్ చేస్తే చెప్పానన్నారు. నిజంగా ఎప్పుడు చెప్పారు?"

"గురువారం మధ్యాహ్నం."

ముడి వేయడం పూర్తిచేసింది. "మీ అక్కగారి సంగతి విన్నాను" అంది. "అల్లా ఆవిణ్ణి కరుణించాలి." పెట్టె తనే ఎత్తుకుని బస్సు దగ్గరికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

ఇది జరిగి మూడేళ్లయింది. మా బావకీ నాకూ మధ్య సలాము తప్ప మాటల్లేవు. ఆ బుధవారం వాకిట్లో గోతాలు నేను చూశానని ఆయనకి తెలుసు. తగలబెట్టలేదని నాకు తెలుసు. కాఫీ కొట్లోకి ఒకరు వస్తే రెండోవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. గోదాము గోడల మీదకి పిట్ట ఏదీ తిరిగి రాలేదు. పోయిన చలికాలం, దానికి ముందు చలికాలం వానలు దండిగా పడ్డాయి. ఊరంతా సంతోషించింది. చేలల్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

నిన్న పొద్దున పదింటప్పుడు బయట నుంచి ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. కిటికీలోంచి చూస్తే హాజీ జెల్లూల్, రోడ్డుకి అవతలి పక్క ఎండలో నిలబడి ఉన్నాడు. పైజామా అంచులు మేజోళ్లలోకి దోపుకున్నాడు.

"లోపలికి రా బావా."

"రాను. నువ్వూ బయటికి రాకు. అక్కడి నుంచే మాట్లాడు."

నేను కిటికీ దగ్గరే ఆగిపోయాను.

"తూర్పు చేలోకి వెళ్లొచ్చాను. మొన్నటి దాకా చెవులు చిల్లులు పడేలా తట్టేవి. ఇవాళ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఒక్కటీ తట్టలేదు."

"చచ్చినవి చూశావా?"

"మూడు."

"ముట్టుకున్నావా?"

"లేదు." తల వంచి తన కాళ్ల వంక చూసుకున్నాడు. మేజోళ్ల మీద అరచేత్తో ఒకసారి రాసి, ఆ చెయ్యి దూరంగా పట్టుకున్నాడు. "ఇంటికి వెళ్లలేదు నేను. చేలోంచి తిన్నగా ఇక్కడికే వచ్చాను. పిల్లలున్నారు ఇంట్లో."

"సరే బావా. నువ్వక్కడే కూర్చో. మందు తెస్తాను."

"మందు తర్వాత" అన్నాడు. "ముందు ఫోన్ చెయ్."

అవతలి గోడ పక్కన రాయి మీద కూర్చుని, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. ఫోన్ నాలుగుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. నేను ఊరి పేరు చెప్పాను.